భాష్యకారుని మూఁడు ఋణములు



దైవమును గూర్చియు ధర్మమును గూర్చియు మనము విన్న మాటలలోఁ బెక్కు పూర్వులు పలికినవి. పలికినవారు మన యెదుట లేరు. వారి నోటికిని మన చెవికిని నడుమ నొక మనుష్యుఁడు నిలిచియున్నాఁడు. అతఁడే భాష్యకారుఁడు. ఉపనిషత్తు చదివినను, సూత్రము చదివినను, కావ్యము చదివినను అతఁడు చూపిన త్రోవనే మనము మూలమును జేరుచున్నాము. ఇట్టివాఁడు మనకు మిత్రుఁడా, లేక యడ్డుగోడయా? అతఁ డెవరెవరికి ఋణపడి యున్నాఁడు? ఆ ఋణములను దీర్చెనా? ఈ ప్రశ్నలను నేఁడు మీతోఁ గూడి విచారింపఁ దలఁచితిమి.

విశాఖపట్టణమునుండి యరకులోయకుఁ బోవువారు అనంతగిరి కొండలలో బొఱ్ఱా గుహలను జూచియుందురు. అచ్చట సున్నపురాతి కప్పునుండి నీటిబొట్టు జాఱి నేలఁబడును. ప్రతి బొట్టును గంటి కానని సున్నమును గొంచెము విడిచిపోవును. ఎన్నియో వేలయేండ్లు గడవఁగా ఆ పొరలు గూడి స్తంభములై నిలుచును. అట్టి యొక శిలను లింగమని జనులు గొలుచుచున్నారు. మూలవాక్యముపై వ్యాఖ్యలు పేరుకొనుటయు నిట్టిదే. గౌతముని న్యాయసూత్రములపై వాత్స్యాయనుఁడు భాష్యము వ్రాసెను. దానిపై ఉద్ద్యోతకరుఁడు వార్తికమును, దానిపై వాచస్పతిమిశ్రుఁడు తాత్పర్యటీకను, దానిపై ఉదయనాచార్యుఁడు పరిశుద్ధిని రచించిరి. పొరలను బగులఁగొట్టినచో స్తంభమే కూలును. వానిని జూచి మురిసిపోయినచో మొదటి బొట్టు మఱపునఁ బడును. కావున పొరలను జదువు నేర్పు మనకుఁ గావలెను.

ఈ విద్య మన దేశమునఁ బెరిగినట్లే గ్రీకుదేశమునను దనదైన త్రోవలోఁ బెరిగెను. అరిస్టాటిలు క్రీ. పూ. 322లో మరణించెను. అతని గ్రంథములను క్రీ. పూ. 1వ శతాబ్దమున రోడ్సు ద్వీపవాసి యగు ఆండ్రొనీకసు వరుసకుఁ దెచ్చెను. క్రీ. శ. 176లో రోమకచక్రవర్తి మార్కసు ఆరీలియసు ఏథెన్సు నగరమునఁ దత్త్వశాఖలకు వేతనముతోఁ గూడిన యాచార్యపీఠములను నెలకొల్పెను. క్రీ. శ. 200 ప్రాంతమున అలెగ్జాండరను పండితుఁడు అరిస్టాటిలు శాఖకుఁ బీఠాధిపతియై వ్రాసిన వ్యాఖ్యలు తరువాతివారికిఁ బ్రమాణము లయ్యెను. ఇతఁడు దండయాత్రలు చేసిన రాజు గాఁడు. అఫ్రోడీసియసు అను పురమునఁ బుట్టిన యుపాధ్యాయుఁడు. అటుపిమ్మటఁ బోర్ఫిరీ ప్రశ్నోత్తరరూపమున నొక వ్యాఖ్య వ్రాసెను. క్రీ. శ. 485లో మరణించిన ప్రోక్లసు ప్లేటో సంవాదములకు విపులమగు వ్యాఖ్యలు రచించెను.

ఈ రెండు దేశముల గురువులును బాఠ మారంభించు తీరు చూడుఁడు. అలెగ్జాండ్రియా నగరమున గురువు గ్రంథమును విప్పుటకు ముందే యాఱు ప్రశ్నలు వేయును. దీని యుద్దేశమేమి? ప్రయోజనమేమి? ఏ వరుసలోఁ జదువవలెను? దీనికీ పేరెట్లు వచ్చెను? ఇది నిజముగా నా గ్రంథకర్తదేనా? దీని భాగము లెట్టివి? మన పండితులు అనుబంధచతుష్టయమని నాలుగు చెప్పుదురు: విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి. అచ్చటి గురువులు కొందఱు ప్రతి పాఠమును ముందు భావముగను, పిదపఁ బదపదముగను బోధించిరి. మనవారు పదములను విడఁదీసి, యర్థము చెప్పి, సమాసములను విప్పి, వాక్యము నన్వయించి, ఆక్షేపమునకు సమాధానము చెప్పిననే వ్యాఖ్యానము పూర్తియగునని నిర్ణయించిరి. ఒకరినొకరు చూడని యిద్దఱు నేఁతగాండ్రు ఒకే తీరున మగ్గము నమర్చుకొన్నట్లున్నది.

ఐనను రెండు భేదములను మనము మఱవరాదు. గ్రీకుపండితుఁడు గ్రంథము కర్తదేనా యని యడిగెను. ఏలయన నతనికి మూలకర్త యొక మనుష్యుఁడు. మన మీమాంసకులకు వేద మపౌరుషేయము, అనఁగాఁ గర్త లేనిది. కర్త మనసులో నేమి యుండెనో యడుగుటకు వీలులేదు గావున వారు వాక్యములోనే తాత్పర్యమును వెదకిరి. ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి యను నాఱు గుఱుతులను బెట్టుకొనిరి. ఇది సూక్ష్మమైన విద్య. రెండవ భేదము అధికారి యను మాటలో నున్నది. దానిని గూర్చి పిదపఁ జెప్పెదము.

భాష్యకారుని మొదటి ఋణము మూలకర్తకుఁ జెల్లింపవలసినది. మూలమునకు లోఁబడవలెను, కాని దానికి బానిస గారాదు. మెదకుసీమలోని కొలచెలమ వంశపు మల్లినాథసూరి కాళిదాసకావ్యములకు వ్యాఖ్య వ్రాయుచు, మూలమున లేనిదానిని జెప్పననియు, అక్కఱలేనిదానిని గలుపననియు నియమము పెట్టుకొనెను. ఇది లోఁబాటు. వార్తికకారుని ధర్మము మఱియొకటి: మూలమునఁ జెప్పఁబడినదానిని మాత్రమే గాక, చెప్పక విడిచినదానిని, తప్పుగాఁ జెప్పినదానినిగూడ విచారించుట. పాణిని సూత్రములపైఁ గాత్యాయనుఁ డట్లే చేసెను. ఇది స్వాతంత్ర్యము. రెండును గలిసిననే భక్తి పూర్తియగును.

క్రీ. శ. 6వ శతాబ్దమున సింప్లీషియసు అను వ్యాఖ్యాత యిట్టిమాటయే చెప్పెను. అరిస్టాటి లెన్నఁడును దప్పడని నిరూపించుటకై యతని కూటమున జీతమునకుఁ జేరినవానివలె వ్యాఖ్యాత వర్తింపరాదని యాతని మతము. అతని సమకాలికుఁడగు ఫిలోపోనసు అంతకంటెను ముందునకు నడచెను. బరువైన వస్తువు బరువుకొలఁది త్వరగాఁ బడునని అరిస్టాటిలు చెప్పియుండఁగా, భేదము మిక్కిలిగాఁ గల రెండు బరువులను ఒకే యెత్తునుండి విడిచిన, నేలఁ జేరు కాలములో భేదము మిక్కిలి కొంచెమే యని ఫిలోపోనసు వ్యాఖ్యలోనే వ్రాసెను. గురువు వాక్యమును జదువుచునే, కంటితోఁ జూచినదానిని గురువుకంటెఁ బెద్దదిగా నెంచెను. మూలమును ధిక్కరింపలేదు, మూలము వెదకిన సత్యమునే తానును వెదకెను. గురువునకు నిజమైన పూజ యింతకంటె నేమున్నది?

రెండవ ఋణము ప్రతివాదికిఁ జెల్లింపవలసినది. మన శాస్త్రములలో సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షముండును. విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి యను నైదంగములతో అధికరణము నడచును. ప్రతివాది తన నోటఁ జెప్పుకొన్నంత బలముగా వాని మాటను ముందు చెప్పినఁగాని ఖండనము ధర్మము గాదు. దీనివలన నొక వింత సంభవించెను. చార్వాకుల మతగ్రంథములు నశించిపోయినవి. వారి మాట లేవో మనము నేఁడు తెలిసికొనుటకు ముఖ్యాధారము వారిని ఖండించినవారి వ్రాఁతలే. 14వ శతాబ్దమున మాధవాచార్యుఁడు సర్వదర్శనసంగ్రహమును రచించుచు మొదటి ప్రకరణమును జార్వాకులకే యిచ్చెను.

గ్రీకుదేశమునను నిట్లే జరిగెను. ఫిలోపోనసు అరిస్టాటిలును ఖండించుచు వ్రాసిన గ్రంథ మొకటి పోయినది. దానిని దూషించుచు సింప్లీషియసు వ్రాసిన పుటలలో నుండియే దాని వాక్యములను నేఁటి పండితు లేఱుకొనుచున్నారు. కోపముతో వ్రాసినవాఁడైనను ఎదిరివాని మాట నెత్తి చూపెను గావున నా మాట బ్రదికినది. ఈ సింప్లీషియసే పూర్వుఁడగు పార్మెనిడీసు పద్యములు దుర్లభములైన వని యెంచి తన వ్యాఖ్యలో విరివిగా నెత్తి వ్రాసెను. అతని కాలము మంచి కాలము గాదు. క్రీ. శ. 529లో జస్టీనియను చక్రవర్తి ఏథెన్సులోఁ దత్త్వబోధను నిషేధించెను. ఏడుగురు తత్త్వవేత్తలు పారసీకరాజగు ఖుస్రో నాశ్రయించిరి. వారిలో నితఁ డొకఁడు. 532 నాఁటి సంధిలో వారు నిర్భయముగ మరలివచ్చునట్లు షరతు చేర్పఁబడెను. బోధించుటకుఁ బాఠశాల లేకపోయినను అతఁడు వ్యాఖ్యలు వ్రాయుట మానలేదు. తనవారి మాటయేగాక పరుల మాటయుఁ దన చేతిలో నాశనము గాఁగూడదను నీతి యిందుఁ గలదు.

ఇఁక మూఁడవ ఋణము వినువానికిఁ జెల్లింపవలసినది. భాష్యము పుట్టుటయే తెలియనివానికొఱకుఁ గదా! తెలిసినవానికి మూలమే చాలును. ఆంధ్రుఁడగు అన్నంభట్టు తర్కసంగ్రహమును బాలురకు సుఖముగా బోధపడుటకై రచించితి నని చెప్పి, దానికిఁ దానే దీపిక యను వ్యాఖ్య వ్రాసెను. ఇట్టి కరుణ యున్నచోటనే భాష్యమునకు సార్థకత. ఈ మూఁడవ ఋణమునందే రెండు దేశములవారును వెనుకఁబడిరి.

గ్రీకుల సంగతి ముందు చూతము. శిష్యుఁ డెట్టివాఁడై యుండవలె నని వారును విచారించిరి; సత్ప్రవర్తనము, బుద్ధి గలవాఁడు కావలె ననిరి. సింప్లీషియసు వ్యాఖ్యానించిన గ్రంథములలో నొకటి ఎపిక్టీటసు బోధలసంగ్రహము. ఆ ఎపిక్టీటసు బానిసగాఁ బుట్టినవాఁడు. అలెగ్జాండ్రియాలో హైపేషియా యను స్త్రీ గణితగ్రంథములకు వ్యాఖ్యలు వ్రాసి, తత్త్వమును బోధించెను. ఇవి గొప్ప సంగతులే. కాని యా నగరములలోఁ బొలము దున్నిన బానిసలకు, గనులలో మ్రగ్గిన బానిసలకు నే పీఠమునను జోటు లేకుండెను. హైపేషియాను క్రీ. శ. 415లో నొక మూఁక చంపెను. కావున గ్రీకులను బొగడి మనలను నిందించుట మా యుద్దేశము గాదు.

మన దేశమున దోషము వేఱొక రూపు దాల్చెను. అచ్చట వాడుకచేత మూసికొన్న తలుపు, ఇచ్చట భాష్యముచేతనే మూయఁబడెను. అధికారి యను మాట మొదట నర్హతను దెలుపునది. వివేకము, వైరాగ్యము, శమదమాదులు, ముముక్షుత్వము గలవాఁ డధికారి యని వేదాంతులు చెప్పిరి. ఇంతకంటె నుదారమగు లక్షణ మేమి గలదు? కాని బ్రహ్మసూత్రముల మొదటి యధ్యాయము మూఁడవ పాదమున అపశూద్రాధికరణమున్నది. అచ్చటికి రాఁగానే శంకరులు, రామానుజులు, మధ్వులు తక్కిన విషయములలో నెంత వివాదపడినను, శూద్రునకు వేదమూలమగు బ్రహ్మవిద్యలో నధికారము లేదనుటలో నేకీభవించిరి. ఆ సందర్భమునఁ జర్చింపఁబడిన కథ సత్యకామ జాబాలునిది. తండ్రి యెవరో తెలియని బాలుఁడు గురువునొద్దకు వచ్చి, తల్లి చెప్పినమాటను దాఁపఱికము లేక చెప్పెను. గురువు వాని సత్యమునకు మెచ్చి చేర్చుకొనెను. మూలము సత్యమును బొగడఁగా, భాష్యము ఆ సత్యమునుండి కులమును నిర్ణయించెను. బొట్టుపై బొట్టు పడి మొదటి బొట్టు మఱుఁగుపడుట యిదియే.

న్యాయముగా మఱియొక మాటయుఁ జెప్పవలెను. శంకరులు విదురుని, ధర్మవ్యాధుని మఱవలేదు. పూర్వసంస్కారముచే వారికి జ్ఞానము గలిగె ననియు, ఇతిహాసపురాణములను విను నధికారము నాలుగు వర్ణములకును గలదనియు నంగీకరించిరి. మఱియొకచోట ఆశ్రమధర్మములు లేని రైక్వుఁడును వాచక్నవియు బ్రహ్మజ్ఞులైరని యొప్పుకొనిరి. తలుపు మూసినచేతనే కిటికీ యొకటి తెఱచిరి. రాజా రామమోహనరాయలు 1815లో వేదాంతసూత్రములను వంగభాషలో వివరించి ప్రకటించెను. 1820లో సుబ్రహ్మణ్యశాస్త్రి యను పండితునితో వాదించునప్పుడు, వర్ణాశ్రమకర్మలు లేకున్నను బ్రహ్మజ్ఞానము గలుగు నని యా సూత్రముల బలముననే చెప్పెను. అతఁడు మూలమును వదలలేదు; భాష్యకారులను దూషింపలేదు; వారు తెఱచిన కిటికీనే ద్వారముగా విప్పెను.

ఇప్పుడు మన కొండలకు వత్తము. ఐతరేయబ్రాహ్మణమున విశ్వామిత్రుని కథలో నొక మాటయున్నది. తండ్రి యాజ్ఞ నొల్లని కుమారులు శాపము నొంది వెలివాడలఁ జేరిరి. వారి సంతతియే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పులిందులు, మూతిబులు నని యందుఁ జెప్పఁబడినది. ఆంధ్రుఁడును శబరుఁడును నొక్క వాక్యమున, నొక్క శాపమున, నన్నదమ్ములుగాఁ బేర్కొనఁబడిరి. కాలక్రమమున ఆంధ్రుఁడు శాస్త్రములు నేర్చి, భాష్యములు వ్రాసి, లోపలికి వచ్చెను. శబరుఁడు వెలుపలనే యుండెను. లోపలికి వచ్చిన యన్న తమ్మునికై తలుపు తెఱచెనా?

మీమాంసాసూత్రములకు మనకు దొరకుచున్న మొదటి భాష్యము శబరస్వామిది. అతని యసలు పేరు ఆదిత్యదేవుఁ డనియు, అడవిలో శబరవేషమున దాఁగియుండుటచే నా పేరు వచ్చె ననియు నొక కథ గలదు. కథ నిజమగుఁగాక, కాకపోవుఁగాక, వైదికకర్మకాండము నంతయు విచారించిన మహాభాష్యము శబరనామముతోఁ బ్రసిద్ధమైనది. పేరు లోపలఁ జేరెను. ఆ పేరుగల జనులు వెలుపల నిలిచిరి.

మధ్వాచార్యుల శిష్యుఁడగు నరహరితీర్థులు కళింగమున గాంగరాజుల కాలమున గొప్ప యధికారము వహించెను. గురువుగారి గీతాభాష్యమునకు వ్యాఖ్య వ్రాసెను. 1281 నాఁటి శ్రీకూర్మ శాసన మాతఁడు యోగానందనరసింహునకు గుడి గట్టించుటను దెలుపుచున్నది. శబరుల దాడినుండి శ్రీకూర్మమును గాపాడె ననియుఁ జెప్పుచున్నది. తన క్షేత్రమును గాపాడుకొనుట దోషమని మే మనము. కాని యొక చేత గంటము, నొక చేత కత్తియుఁ బట్టిన యా భాష్యకారునకుఁ గొండవాఁ డెదిరిగానే కనఁబడెను, వినువాఁడుగాఁ గనఁబడలేదు.

ఆ శ్రీకూర్మమునకు, ముఖలింగమునకు దూరముగాని సీమలోనే 1863లో గిడుగు రామమూర్తిగారు జన్మించిరి. పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి, కొండలనుండి వచ్చు సవరల మాట విని, దానిని నేర్చుకొనఁబూనిరి. సవరలు పూర్వగ్రంథములందలి శబరులే యని పండితు లెంచుచున్నారు. గిడుగువారు ఆ భాషకు వ్యాకరణమును 1931లోఁ బ్రకటించిరి, నిఘంటువును గూర్చిరి, సవర పిల్లలకుఁ జదువు చెప్పించిరి. 1940లో స్వర్గస్థులైరి. తెలుఁగున వాడుకభాషకై వారు సలిపిన పోరాటము నందఱెఱుఁగుదురు. కొండలలో వారు చేసినపని కొందఱే యెఱుఁగుదురు. ఇది యే మూలమునకును భాష్యము గాదని పండితు లనవచ్చును. మే మనునది యిది: వినువాని భాషను ముందు నేర్చుకొనుటయే భాష్యమునకు మొదటి వాక్యము. అన్న తమ్ముని యింటికి నడచి వెళ్లిన దిన మది.

కొండవారికి మూలగ్రంథము లేదు గావున విచారము లేదనుకొనుటయు నవివేకమే. సవరలలోఁ జనిపోయినవారు పూజారిణి నోట మాటలాడుదు రనియు, బ్రదికియున్న బంధువులు వారిని బ్రశ్నింతు రనియు నమ్మకముండెను. వెరియర్ ఎల్విన్ 1955లోను, పియర్సు విటెబ్స్కీ 1993లోను బ్రకటించిన గ్రంథములలో నా సంభాషణములు వర్ణింపఁబడినవి. ఎందుకు మమ్ము విడిచితి వని యొకఁ డడుగును, బదులు వచ్చును, ఆ బదులును వేఱొకఁ డాక్షేపించును, దుఃఖము క్రమముగ శమించును. ఆ యాచారము నేఁడు చాలవఱకు సన్నగిల్లినది. ఆ నమ్మకమును మన మంగీకరింపకపోవచ్చును. కాని ప్రశ్న, యాక్షేపము, సమాధానము నను క్రమము తాళపత్రముల సొత్తు మాత్రమే కాదని యిందువలనఁ దెలియుచున్నది. 1936లో మంగెయి గొమాంగో యను సవర తన భాషకుఁ దానే సొరంగ్ సొంపెంగ్ అను లిపిని గల్పించెను. అక్షరము కొఱకు వారెంత యాఁకలిగొని యుండిరో చూడుఁడు.

అరకులోయలోను, దాని చుట్టుపట్ల కొండలలోను కువి, గదబ, పొర్జ, కొండభాష, ఆదివాసీ ఒరియా మాటలాడు పిల్లలు గలరు. ఇంట నొక మాట, బడిలో మఱొక మాట. తెలుఁగుపుస్తకము వారిచేతికి వచ్చును. దానిని వారి మాటతో విప్పువాఁడు లేనిచో నది మూసినపుస్తకమే. ఆంధ్రప్రదేశమున 2004లో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా మొదలగు నెనిమిది భాషలలో బాలశిక్ష ప్రారంభింపఁబడెను. అది మంచి పని. ఐనను రాజశాసన మొక్కటియే వ్యాఖ్యాతను బుట్టింపఁజాలదు. బడిలో నిలిచి, యా పిల్లవాని కన్నులలోఁ దెలియమిని జూచి, తన మాటను మార్చుకొను నుపాధ్యాయుఁడు వలయును. అతఁడే మన కాలపు భాష్యకారుఁడు. అతని పేరు నే శాసనమును జెక్కకపోవచ్చును. అతని పని మాత్రము శబరస్వామి పనికిఁ దక్కువది గాదు.

సోదరులారా! మనము పండితులము గాకపోవచ్చును. ఐనను ప్రతి గృహమునను భాష్యకారుఁ డొకఁడున్నాఁడు. తండ్రి బిడ్డకు నీతి చెప్పునప్పుడు, స్నేహితుఁడు స్నేహితునకు శాస్త్రవాక్యము వివరించునప్పుడు, ఈ మూఁడు ఋణములును దలపై నుండును. మూలమును గాపాడితిమా? ఎదిరివాని మాటను వాని బలముతోనే చెప్పితిమా? వినువాఁడు మన వాకిటనే నిలిచిపోవుచుండఁగాఁ దలుపు మూసితిమా? మొదటి రెండింటిని దీర్చి మూఁడవదానిని మఱచినవాఁడు దీపమును వెలిగించి బుట్టక్రింద బోర్లించినవాఁడు.

సకలలోకములకును మూలమైన పరమేశ్వరా! నీ సత్యము నే భాష్యమును బూర్తిగఁ జెప్పఁజాలదు. ఐనను జెప్పఁబూనినవారిని నీవు దయతోఁ జూచెదవు. పూర్వులయెడ వినయమును, సత్యముయెడ ధైర్యమును మాకు దయచేయుము. మాతో నేకీభవింపనివారియెడ న్యాయమును నేర్పుము. కొండమీఁదనైనను, దిగువనైనను మా మాట కెదురుచూచువాని యెదుట మా నోరు మూఁతపడకుండుఁగాక. మా తలుపు మూసికొనకుండుఁగాక.

ఓం శాంతిః శాంతిః శాంతిః.